ఏడురోడ్ల ట్రాఫిక్, నాగావళి వరద: అర్జీలో ఏం రాయాలి?

#1 జీటీరోడ్_జిరాక్స్ | సోమవారం రాత్రి 9:40

చాలాకాలంగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. శ్రీకాకుళం జీటీ రోడ్డులో మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఇల్లు నది వైపు, పల్లపు వీధిలో.

మొన్న శనివారం సాయంత్రం మా అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. ఆటో ఎక్కించి బయల్దేరితే ఏడురోడ్ల కూడలిలో ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాం. వాన లేదు, పండగ లేదు, మంత్రిగారి కాన్వాయ్ కూడా లేదు. ఉత్త శనివారం. ముందు అరటిపళ్ల బండి, పక్కన బస్సు, వెనకాల ఎవరో కుర్రాడు హారన్ మీద నుంచి వేలు తీయడు. ఆవిడకి ఇప్పుడు బాగానే ఉంది.

ఆటోలో కూర్చున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఏ ఆగస్టు రాత్రో నాగావళి పొంగి, ఇళ్లు ఖాళీ చేయమని మైకు ఆటో తిరిగితే, మా వీధి మొత్తం వచ్చి పడేది ఈ కూడలిలోకే. అప్పుడేంటి?

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడదామనుకుంటున్నాను. ఏం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి. "ట్రాఫిక్ సమస్య పరిష్కరించగలరు" అని రాస్తే అది ఫైల్లో పడుకుంటుందని నాకూ తెలుసు. రోజుకి అలాంటివి పది జిరాక్స్ తీస్తుంటాను.

#2 స్పీడ్_సిక్కోలు | సోమవారం రాత్రి 9:52

ఒక్క లైన్ చాలు మేడం. రోడ్లు వెడల్పు చేయండి. ఉన్నవన్నీ ఎనభై అడుగులు చేసేస్తే ట్రాఫిక్కూ పోతుంది, వరదొస్తే జనమూ పోతారు.

#3 బట్టలకొట్టు_బాబాయ్ | సోమవారం రాత్రి 10:15

"జనమూ పోతారు" అన్నావు చూడు నాయనా, జరిగేది అదే.

వెడల్పు అనడం తేలిక. మా కొట్టు పదడుగులు. గీత గీస్తే ఆరడుగులు రోడ్డులోకి పోతుంది, మిగిలిన నాలుగడుగుల్లో చీరలు మడతపెట్టుకోవాలా, నిలబెట్టుకోవాలా? పోయిన స్థలానికి చేతికి డబ్బు రాదు, టీడీఆర్ బాండు అంటారు. దానితో ఇంకోచోట అదనపు అంతస్తు వేసుకోవచ్చట, లేదా కట్టేవాళ్లకి అమ్ముకోవచ్చట. అద్దెకున్నవాడికి ఆ కాగితమూ లేదు.

ఇంకో మాట. మా వైపు కొన్నేళ్ల కిందట కొంత దూరం వెడల్పు చేశారు. పెరిగిన ఆ మేరకు పొద్దున్న పది దాటగానే మోటారు సైకిళ్లు పార్క్ అయిపోతాయి. నడిచే రోడ్డు ఎంతుండేదో అంతే ఉంది. వాటిలో సగం నా గిరాకీలవే, అదీ ఒప్పుకుంటాను.

#4 లెక్కల_మాస్టారు | సోమవారం రాత్రి 10:48

ఏడురోడ్ల కూడలికి పేరులోనే లెక్కుంది గనక చేసి చూద్దాం.

ఏడు రోడ్లూ రెండు వైపులా నడుస్తుంటే, ఒక రోడ్డు నుంచి వచ్చిన బండి మిగతా ఆరింటిలో దేంట్లోకైనా పోవచ్చు. ఏడారులు 42. అంటే ఆ కాస్త చోటులో 42 రకాల ప్రయాణాలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. మామూలు నాలుగు రోడ్ల కూడలికి ఇవి 12 మాత్రమే.

ఇప్పుడు ఏడింటిలో రెండు రోడ్లని బయటికి పోవడానికే, ఒకదాన్ని లోపలికి రావడానికే అని కట్టడి చేద్దాం. రెండు వైపులా నడిచేవి నాలుగు మిగులుతాయి. వాటి నుంచి ఒక్కోదానికి 5 చొప్పున 20, లోపలికి మాత్రమే వచ్చేదాని నుంచి 6. మొత్తం 26. బాబాయ్ కొట్టులో ఒక్క ఇటుక కదల్లేదు, చిక్కు మాత్రం మూడోవంతుకు పైగా తగ్గింది.

ఇంకోటి. నాలుగు రోడ్ల కూడలిలో బళ్లు ఒకదానికొకటి అడ్డుపడే చోట్లు 32 అని ట్రాఫిక్ ఇంజనీర్ల లెక్క. మధ్యలో గుండ్రటి ఐలాండు పెట్టి, అందరూ ఒకే వైపు తిరిగితే అవి 8కి దిగుతాయి. అయితే ఒక షరతుంది. లోపల తిరుగుతున్న బండికి ముందు దారివ్వాలి, కొత్తగా వచ్చేవాడు ఆగాలి. మనవాళ్లు తిరగేసి చేస్తారు. బయటివాడు ముక్కు దూరుస్తాడు, లోపలివాడు బ్రేకు వేస్తాడు, రెండు నిమిషాల్లో చక్రం బిగుసుకుపోతుంది. అలా అయితే ఐలాండు పూలమొక్కలకే పనికొస్తుంది.

#5 బలగ_ఆటో | మంగళవారం ఉదయం 6:20

మాస్టారూ, లెక్క బాగుంది. అందులో ఆటోలేవండి మరి?

అందరూ మమ్మల్నే అంటారు. మేం కూడలి మూల మీద ఎందుకాపుతాం? ప్యాసింజరు అక్కడే నిలబడతాడు గనక. బస్సు అక్కడే దింపుద్ది గనక. నేనొక్కడినే మంచోడిలా యాభై అడుగులు ముందుకెళ్లి ఆపాననుకోండి, వెనకాలోడు ఎక్కించుకుని పోతాడు. నా డీజిల్ ఖర్చు నువ్విస్తావేటి? అందర్నీ ఒకేరోజు జరపండి, బస్సు ఆగే చోటుతో సహా. మొదట జరిగేది నా బండే.

వరద సంగతి కూడా చెప్తాను. సైలెన్సర్ మునిగితే ఆటో ఆగిపోద్ది. ఇరుకు రోడ్డులో ఒక్క ఆటో ఆగిందంటే వెనకాల ఊరంతా ఆగినట్టే. అంచేత నీళ్లలోకి బళ్లు దింపి జనాన్ని తెచ్చే ప్లాన్ ఎవరైనా చెప్తే నమ్మకండి. నీళ్లు రాకముందు అయితే ఎన్ని ట్రిప్పులైనా వేస్తాం.

#6 పాత_ఓవర్సీరు | మంగళవారం ఉదయం 11:05

ఆటో తమ్ముడు చెప్పిన చివరి మాట బంగారం. దాన్ని పట్టుకునే రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. రిటైరైనవాడికి టైము ఎక్కువ.

"వరద" అని ఒకే మాట వాడుతున్నాం గానీ మన ఊరికి వచ్చేవి రెండు వేర్వేరు నీళ్లు. ఒకటి ఏటి నీరు. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, తోటపల్లి బ్యారేజీ దాటుతుంది. సంగం దగ్గర సువర్ణముఖి, వేగవతి కలుస్తాయి. తర్వాత నారాయణపురం ఆనకట్ట, ఆ తర్వాత మనం, చివరికి కళ్లేపల్లి దగ్గర సముద్రం. మొత్తం 256 కిలోమీటర్ల ప్రయాణం. మనకి ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కురిస్తే నీరు వచ్చేస్తుంది. 2017 జులైలో కల్యాణసింగ్‌పూర్ వైపు ఎలా ముంచిందో గుర్తుందా? రైలు వంతెనలే పోయాయి. అయితే ఏటి నీటిలో ఒక మంచి ఉంది. పైన గేట్లెత్తిన కబురు నీటికంటే ముందు మనకి చేరుతుంది. గంటలు చేతిలో ఉంటాయి.

"లక్ష క్యూసెక్కులు వదిలారు" అని టీవీలో విని ఊరుకుంటాం. క్యూసెక్కంటే సెకనుకి ఘనపుటడుగు, 28 లీటర్లకి పైన. లక్ష క్యూసెక్కులంటే సెకనుకి 28 లక్షల లీటర్లు. మీ వీధిలోకి వచ్చే ఐదువేల లీటర్ల ట్యాంకరు ఉంది కదా, అలాంటివి సెకనుకి 560కి పైగా వంతెన కింద నుంచి పోతున్నట్టు.

రెండోది వాన నీరు. తుపాను పట్టి ఊరి మీదే కురిసేది. దీనికి హెచ్చరిక గంటల్లో ఉండదు. ఇక్కడే అసలు చిక్కు. ఊళ్లో కాలువలన్నీ చివరికి ఏట్లోనే పడాలి. ఏరు నిండుగా ఉన్నప్పుడు కాలువ మూతి నీటి కిందికి వెళ్లిపోతుంది, ఊరి నీరు బయటికి పోదు. పైగా ఏటి నీరే కాలువలో ఎదురుతన్ని వీధుల్లోకి వస్తుంది. గట్టు తెగలేదు, ఏరు పొర్లలేదు, అయినా ఇంట్లో మోకాలి లోతు. దీనికి మందు రోడ్డు వెడల్పు కాదు. కాలువ మూతికి ఒకే వైపు తెరుచుకునే ఇనప తలుపు, ఆ పక్కన నీరు తోడిపోసే పంపు. తలుపుకి ఏటా గ్రీజు పెట్టే మనిషి కూడా కావాలి. ఆ చివరిదే దొరకదు.

ఇక నా మాట. మన రెండు బ్రిడ్జీలూ ఏటి మీదే ఉన్నాయి. వరద రాత్రి జనాన్ని బ్రిడ్జి దాటించే ప్లాన్ ప్లానే కాదు. మామూలు రోజుల్లో ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు పోవడానికి అలవాటు పడ్డాం. ఆ రాత్రి కూడా కాళ్లు అటే లాగుతాయి. ఎవరు ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డునే మెరకకి ఎక్కాలి. అర్జీలో మొదటి వాక్యం ఇదే ఉండాలంటాను.

#7 జీటీరోడ్_జిరాక్స్ | మంగళవారం మధ్యాహ్నం 2:30

ఓవర్సీరు గారూ, చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నిజం చెప్పనా? మా ఇంట్లో అనుకున్న ప్లాన్ బ్రిడ్జి దాటి మా ఆడపడుచు ఇంటికి వెళ్లడమే.

#8 కోపెన్‌హాగన్‌లో_కాకుళం | మంగళవారం సాయంత్రం 5:10

బలగలో పుట్టి ఇప్పుడు డెన్మార్క్‌లో ఉద్యోగం. ఓవర్సీరు గారు చెప్పిన రెండో రకం నీరు ఈ ఊరిని కూడా ముంచింది. 2011 జులై 2న రెండు మూడు గంటల్లో దాదాపు 150 మిల్లీమీటర్ల వాన. భూమి కింద ఎంత పెద్ద పైపు వేసినా అంత నీరు పట్టదని వీళ్లకి అర్థమైంది. మరుసటి ఏడాది ప్లాన్ వేసుకున్నారు. కొన్ని వీధుల్ని కావాలనే నీరు పారేలా మలచడం, అంచులు ఎత్తు చేయడం, పార్కుల్ని లోతు చేసి కొన్ని గంటలు చెరువులా వాడుకోవడం. మిగతా రోజుల్లో అవి మామూలు వీధులే, పిల్లలు ఆడుకునే పార్కులే.

మలేషియాలో కౌలాలంపూర్‌లో ఇంకా విచిత్రం. 2007లో తెరిచిన 9.7 కిలోమీటర్ల సొరంగం, అందులో కొంత భాగంలో కార్లు నడుస్తాయి. పెద్ద వరదొస్తే కార్లని బయటికి పంపి సొరంగాన్నే కాలువ చేస్తారు.

#9 స్పీడ్_సిక్కోలు | మంగళవారం సాయంత్రం 5:18

సొరంగం ఎందుకన్నా. మాకు మామూలు రోడ్డే కాలువ. టెక్నాలజీలో మీకంటే ముందున్నాం.

#10 పాత_ఓవర్సీరు | మంగళవారం రాత్రి 8:00

స్పీడు బాబు నవ్వుతూ అన్నాడు గానీ అక్షరాలా అదే నిజం. మన వీధులు ఇప్పటికే కాలువలు. కాకపోతే ఏది కాలువో ఏది దారో ముందు ఎవరూ అనుకోలేదు, నీరే తేల్చుకుంటోంది. ప్రతి వీధినీ ఆరబెట్టడం ఎవరి తరం కాదు. ఈ వీధి నీటికి, ఈ వీధి మనుషులకి అని పంచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. మనుషుల వీధి ఒడ్డుకి ఒకటో రెండో ఉన్నా చాలు, చివరిదాకా మెరకగా, అడ్డు లేకుండా ఉండాలి.

ఇప్పుడు జరిగేది దీనికి తలకిందులు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర, ఐదేళ్లకి ఇంకో పొర. రోడ్డు ఎక్కుతుంది, ఇల్లు దిగుతుంది. మా వీధిలో ఒకప్పుడు రెండు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం. ఏ వీధి ఎంత పెరిగిందో రాసిపెట్టినవాడు లేడు.

#11 నైట్‌డ్యూటీ_సిస్టర్ | బుధవారం తెల్లవారుజాము 4:35

డ్యూటీలో కాస్త ఖాళీ దొరికింది. రోడ్ల డిజైన్ నాకు తెలియదు. నీళ్లలో నడిచిన అనుభవం ఉంది.

ఒక తుపాను రాత్రి డ్యూటీకి నడిచే వెళ్లాను. మోకాలి కింద వరకే నీరు. నీరు మురికిగా ఉంటే రోడ్డు ఎక్కడ అయిపోతుందో, కాలువ ఎక్కడ మొదలవుతుందో కనబడదు. ఒకచోట కాలువ మీద పలక లేదు. నడుం దాకా దిగిపోయాను. ఎవరో కరెంటు స్తంభం పట్టుకుని ఇంకో చేత్తో నన్ను లాగారు. అలాంటప్పుడు కరెంటు స్తంభం ముట్టుకోకూడదు, ఆ కంగారులో ఇద్దరికీ తోచలేదు. కరెంటు ముందే తీసేశారు గనక బతికాం.

అందుకని మీ అర్జీలో కాలువ అంచున పొడుగాటి గుర్తు కర్రలు అడగండి. తెలుపు, ఎరుపు పట్టీలవి. నీళ్లున్నప్పుడు కూడా పైకి కనబడాలి. వేగంగా పారే నీరైతే అరడుగు లోతులోనే పెద్ద మనిషి కాలు తేలిపోతుంది. అడుగు లోతులో చిన్న కారు తేలుతుంది. జనం లోతు చూస్తారు, వేగం చూడరు.

ఇంకొకటి, ట్రాఫిక్ గురించి. డివైడర్ పొడుగునా ఒక్క సందు లేకుండా కట్టేస్తే 108 బండి ఇటు ఇరుక్కున్నప్పుడు అటు దాటలేదు. పేషెంటు లోపల, మేం గుమ్మంలో. ఆ టెన్షన్ చెబితే అర్థం కాదు.

#12 ఫైనలియర్_సివిల్ | బుధవారం ఉదయం 9:15

అక్కా, డివైడర్ పాయింట్ సూపర్. మా సబ్జెక్టులో ఉంది, వరదకో తుపానుకో ఖాళీ చేయించేటప్పుడు రోడ్డు రెండు వైపుల్నీ ఒకే దిశకి, బయటికే నడిపిస్తారు. అమెరికాలో తుపాన్లకి ఇలా చేస్తారు. డివైడర్‌లో తీసిపెట్టుకునే దిమ్మలు ఉంటేనే కుదురుతుంది.

అయితే అదే దేశంలో 2005లో రీటా తుపానుకి హ్యూస్టన్ ఊరంతా కార్లేసుకుని ఒకేసారి బయల్దేరింది. వంద మైళ్ల జామ్. ఎండకి, పెట్రోలు అయిపోయి, నీళ్లు లేక రోడ్ల మీదే జనం చనిపోయారు. తుపాను చంపినవాళ్లకంటే ఆ ప్రయాణంలో పోయినవాళ్లే ఎక్కువ. మునగని చోట్లవాళ్లు కూడా భయంతో బయల్దేరడం ఒక కారణం. అంటే అందర్నీ కాదు, మునిగే వీధుల్ని మాత్రమే కదపాలి. మిగతావాళ్లు ఇంట్లో ఉండటమే సాయం.

నడక లెక్క కూడా వేశాను. ఒక మీటరు వెడల్పు దారి ఖాళీగా ఉంటే గంటకి మూడు నాలుగు వేల మంది నడిచి వెళ్లగలరు. అదే మీటరు వెడల్పులో ఒక కారు కూడా పట్టదు. పది నిమిషాల నడకలో మెరక ఉంటే బండి ఎందుకు?

#13 బట్టలకొట్టు_బాబాయ్ | బుధవారం ఉదయం 10:40

బాబూ, ఆ మీటరు వెడల్పు ఎక్కడుంది? ఫుట్‌పాత్ మీద తోపుడు బళ్లు, వాటి వెనకాల మా బొమ్మలు. అవును, మా కొట్టు బొమ్మలు కూడా బయటే ఉంటాయి. లోపల పెడితే ఎవరు చూస్తారు?

#14 స్పీడ్_సిక్కోలు | బుధవారం ఉదయం 10:44

తోపుడు బళ్లన్నీ ఎత్తించేయండి, గొడవ వదిలిపోతుంది.

#15 బలగ_ఆటో | బుధవారం మధ్యాహ్నం 1:30

ఎత్తించేస్తే ఎక్కడికి పోతారు బావూ? మా వదిన జామకాయల బండి అందులోదే. సాయంత్రం ఐదుకి ఎత్తిస్తే ఆరున్నరకి మళ్లీ అక్కడే ఉంటుంది. నేను కళ్లారా చూసిందే.

#16 మోడరేటర్ | బుధవారం మధ్యాహ్నం 1:55

మధ్యలో ఏ పార్టీ హయాంలో ఏ రోడ్డు పడిందనే రెండు పోస్టులు తీసేశాను. అది ఎన్నికల చర్చలో రాసుకోండి. వీధి వ్యాపారుల గురించి ఒక సంగతి మాత్రం అందరికీ తెలియాలి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు సర్వే చేసి, గుర్తింపు ఇచ్చి, అమ్ముకునే చోటు చూపించాలి. పట్టణ విక్రయ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులే 40 శాతానికి తగ్గకుండా ఉండాలి. రాత్రికి రాత్రి ఎత్తించేయడం ఆ చట్టంలో లేదు.

#17 జీటీరోడ్_జిరాక్స్ | బుధవారం రాత్రి 10:20

షాపు మూసి, అన్నం తిని, మొదటి నుంచి మళ్లీ చదివాను. నాకు ఒకటి తట్టింది. తప్పైతే చెప్పండి.

రథసప్తమి రోజు మన ఊరు ఏం చేస్తుంది? ముందు రాత్రి నుంచే అరసవల్లికి జనం. 2025లో రాష్ట్ర పండగ చేశాక ఇంకా పెరిగారు. ఆ ఒక్కరోజూ బళ్లు ఎక్కడ ఆపాలో బోర్డులుంటాయి, ఎటు వెళ్లాలో తాళ్లు కడతారు, ఒక వైపు వెళ్లే రోడ్లు, ఇంకో వైపు వచ్చే రోడ్లు. మూల మూలకీ ఒక మనిషి ఈల పట్టుకుని నిలబడతాడు. ఫైరింజను, అంబులెన్సు పోవడానికి విడిగా దారి ఉంచుతారు. తోపుడు బళ్లవాళ్లు కూడా చూపించిన చోటికి వాళ్లే వెళ్తారు, ఎందుకంటే అక్కడ బేరం ఉంటుంది. ఎవరూ ఏ గోడా కూల్చరు.

ఆ ప్లాన్ ఎక్కడో కాగితం మీద ఉండే ఉంటుంది కదా. దిశ మాత్రం మార్చాలి. గుడికి వెళ్లే బదులు మెరకకి. ఏడాదికోసారి రథసప్తమికి ఎలాగూ చేస్తారు. వానాకాలం ముందు, జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న రెండోసారి చేయమని అడగలేమా?

#18 పాత_ఓవర్సీరు | గురువారం ఉదయం 6:00

అమ్మా, ముప్పై ఏళ్లు సర్వీసు చేశాను. నాకు ఈ ఆలోచన రాలేదు.

తేడా ఒక్కటి గుర్తుపెట్టుకో. రథసప్తమికి జనం ఇష్టపడి కదులుతారు. వరదకి కదలరు. "ఇంతకుముందూ వచ్చింది, గుమ్మం దాకా వచ్చి పోయింది" అంటారు. నేను ఎంతమందిని బతిమాలానో. చివరికి వాళ్లు అడిగేది ఒకటే. అక్కడ మరుగుదొడ్డి ఉందా, ఆడవాళ్లు పడుకోవడానికి గది ఉందా, ఇంటికి తాళం వేస్తే ఎవరు కాస్తారు. రోడ్డు ఎంత బాగున్నా, ఈ మూడింటికీ సమాధానం లేకపోతే ఎవరూ ఆ రోడ్డెక్కరు.

#19 నైట్‌డ్యూటీ_సిస్టర్ | గురువారం ఉదయం 8:10

డయాలసిస్ వాళ్లు, నెలలు నిండినవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు. వీళ్లని మైకు తిరిగే వరకు ఆపకూడదు. పైన గేట్లెత్తారన్న కబురుకే కదపాలి. సచివాలయం వాళ్ల దగ్గర వార్డు వారీగా ఈ పేర్లుంటే సగం పని అయినట్టే. మీ అత్తగారి పేరు కూడా రాయించండి మేడం. ఆయాసం ఉన్నవాళ్లు నీళ్లలో నడవలేరు.

#20 తాపీమేస్త్రి | గురువారం మధ్యాహ్నం 12:45

పిల్లలు చదివి వినిపిస్తే విన్నాను, మా అమ్మాయి టైపు చేస్తోంది.

మెరక మెరక అంటున్నారందరూ. ఏది మెరకో కంటికి తెలీదు సార్. కన్ను మోసం చేస్తుంది. ఎత్తుగా కట్టిన ఇళ్లున్న వీధి మెరకలా కనబడుతుంది, పునాదులు ఎత్తు అంతే, వీధి పల్లమే. మా దగ్గర ట్యూబ్ లెవెల్ ఉంటుంది. తెల్ల పైపులో నీళ్లు పోసి, బుడగలు తీసేసి, ఇద్దరు చెరో చివర పట్టుకుంటే రెండు చోట్ల మట్టం ఒక్క నూలు తేడా లేకుండా చెప్పేస్తుంది. ఇరవై మీటర్ల పైపు ఉంది నా దగ్గర. వీధి పొడుగునా ముక్కలు ముక్కలుగా పట్టుకుంటూ పోవచ్చు. ఆదివారం పని లేదు. వస్తాను.

#21 లెక్కల_మాస్టారు | గురువారం మధ్యాహ్నం 1:05

నేను పుస్తకం, పెన్సిలు తెస్తాను. ఒక్కో ముక్కకి తేడా రాసుకుంటూ కూడుకుపోదాం. పొరపాటు కూడా కూడుకుంటూ పోతుంది గనక, చివరి నుంచి మొదటికి ఇంకోసారి కొలవాలి. అప్పుడు సున్నా రావాలి.

#22 ఫైనలియర్_సివిల్ | గురువారం మధ్యాహ్నం 1:20

మా కాలేజీలో ఆటో లెవెల్ అని మట్టం కొలిచే పరికరం ఉంది సార్, అడిగి చూస్తాను. ఇవ్వకపోతే మేస్త్రీ గారి పైపే.

#23 మోడరేటర్ | గురువారం సాయంత్రం 6:30

ఆదివారం ఉదయం ఆరింటికి, ఏడురోడ్ల దగ్గర. ట్రాఫిక్ మొదలవకముందే ముగించాలి. రోడ్డు మధ్యలోకి ఎవరూ వెళ్లొద్దు. ఎవరి ఇంటి గుమ్మమైనా కొలిచేముందు ఇంటివాళ్లని అడగండి.

#24 జీటీరోడ్_జిరాక్స్ | ఆదివారం మధ్యాహ్నం 3:15

వచ్చిన పదకొండు మందికీ దండాలు. రాలేకపోయినవాళ్ల కోసం క్లుప్తంగా.

మా వీధి నుంచి బయటికి మూడు దారులున్నాయి. మేమందరం వెళ్లేది మధ్యదానిలో, సిమెంటు రోడ్డు కదా అని. పైపు పట్టుకుంటే తేలిందేంటంటే, ఆ దారి మధ్యలో ఒకచోట మా గుమ్మం కంటే పల్లం. మేం ఇంట్లో పొడిగా ఉండి, బయల్దేరి నీళ్లలోకి దిగుతామన్నమాట. మూడో దారి, ఎవరూ వాడని సందు, మొదటి నుంచి చివరి దాకా ఎక్కుతూనే ఉంది. అందులో ఒకరి సిమెంటు ఇటుకలు, ఒక పాడైన ఆటో, ఎవరిదో కట్టెల మోపు. మాస్టారు రెండుసార్లు కొలిచారు. వెనక్కి వచ్చేసరికి సున్నా రాలేదు గానీ అరంగుళం లోపే.

పాడైన ఆటో ఎవరిదో అడగను.

అర్జీలో రాసింది ఇది. బ్రిడ్జి దాటించకుండా ఏ ఒడ్డువాళ్లకి ఆ ఒడ్డునే మెరక చోటు, దాని పేరు వీధి మొదట్లో బోర్డు మీద. అక్కడికి నడిచే దారి ఒడ్డుకి ఒకటైనా ఏడాదంతా ఖాళీగా, కాలువ అంచున గుర్తు కర్రలతో. ఆ దారి మీద తారు వేసినప్పుడు పాతది గీకి వేయడం, నీటి వీధుల్ని ఇంకా ఎత్తు చేయకపోవడం. కాలువ మూతులకి తలుపులు, పంపులు. ఏడురోడ్ల దగ్గర మూడు రోడ్లని నెల రోజులు తాళ్లు కట్టి ఒకవైపు నడిపి చూడటం, నచ్చకపోతే తీసేయడం. ఆటోలు, బస్సులు ఒకేరోజు మూల నుంచి జరపడం. తోపుడు బళ్లకి చట్టం ప్రకారం చోటు. జూన్‌లో ఒక ఆదివారం రథసప్తమి లెక్కన రిహార్సల్. రోడ్డు వెడల్పు గురించి ఏమీ రాయలేదు.

#25 బట్టలకొట్టు_బాబాయ్ | ఆదివారం సాయంత్రం 4:00

నా సంతకం కూడా పెట్టు. ఒకవైపు రోడ్డు అయితే గిరాకీ తగ్గుతుందని ఇప్పటికీ నా అనుమానం. నెల రోజులు అన్నావు గనక ఒప్పుకుంటున్నాను. నెల దాటి ఒక్కరోజు ఎక్కువైనా నేనే ఇంకో అర్జీ పెడతాను, జిరాక్స్ నీ దగ్గరే.

#26 బలగ_ఆటో | ఆదివారం సాయంత్రం 4:25

ఆ పాడైన బండి మా బావమరిదిది. బుధవారానికి తీయిస్తాను.

#27 జీటీరోడ్_జిరాక్స్ | ఆదివారం రాత్రి 9:05

థాంక్స్ అన్నా. మా అత్తగారికి అర్జీ చదివి వినిపించాను. అంతా విని, "మనుషులకి దారి చూశారు, సరే. ఎదురింటివాళ్ల ఆవు ఆ సందులో పడుతుందా?" అని అడిగారు. సందు వెడల్పు కొలవడం మర్చిపోయాం. మేస్త్రీ గారూ, రేపు పొద్దున్న టేపు తీసుకుని ఒక్క ఐదు నిమిషాలు రాగలరా? అర్జీ ఇంకా ప్రింటు తీయలేదు.